గ్రాండ్మా గుడ్ల లెక్కల పుస్తకాలు

మా ఆయన వాళ్ళ నానమ్మ పోయి పదేళ్ళు దాటింది. ఆవిడ గురించి రాయాలని చాలాసార్లు అనుకున్నాను గానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు, ఎందుకంటే బయటివాళ్ళకి చెప్పుకోదగ్గ ఘనకార్యం అంటూ ఆవిడ జీవితంలో ఏమీ కనిపించదు. అమెరికాలో అయోవా రాష్ట్రానికి ఉత్తరపు కొసన, మిన్నెసోటా సరిహద్దుని ఆనుకుని కొసూత్ కౌంటీ అని ఉంది. 1921లో అక్కడ ఒక జర్మన్ రైతు కుటుంబంలో పుట్టి, 1941లో ఆ పక్కనే ఇంకో జర్మన్ రైతు ఇంటికి కోడలిగా వచ్చి, 2012లో అదే ఇంట్లో కన్నుమూసింది. ఈ మధ్య మా ఆడపడుచు ఆవిడ లెక్కల పుస్తకాలు ఒక్కొక్కటే స్కాన్ చేసి పంపుతోంది, అవి చూస్తుంటే ఇక రాయకుండా ఉండలేకపోయాను.

పుస్తకాలంటే పెద్ద జమాఖర్చుల పుస్తకాలేం కావు. విత్తనాల కంపెనీలవాళ్ళు రైతులకి ఊరికే పంచే, చొక్కా జేబులో పట్టేంత చిన్న నోటు పుస్తకాలు. తాతగారికి వచ్చినవాటిలో ఒకటి ఈవిడ తీసుకునేది. పెన్సిలుతో, చీమల బారులాంటి అక్షరాలతో, కుడివైపు పేజీలో వచ్చింది, ఎడమవైపు పేజీలో పోయింది. "గుడ్లు 27 డజన్లు." "క్రీమ్ ఒక క్యాను." "ముసలి కోళ్ళు 14 అమ్మాను." ఎదురుగా, "చక్కెర, ఈస్టు, దారం, పెద్దాడికి బూట్లు, చర్చి చందా." అక్కడక్కడ లెక్క కాని మాట ఒకటి ఉంటుంది. "వడగళ్ళు." "చిన్నదానికి జ్వరం, రాత్రంతా." "తూర్పు చేను ఒలవడం అయింది." అంతే, ఇంకో ముక్క ఉండదు. ఆ రాత్రి ఏం జరిగిందో, వడగళ్ళకి ఎంత పంట పోయిందో మనమే ఊహించుకోవాలి.

నేను ఏమ్స్‌లో అయోవా స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేస్తున్నప్పుడు మా ఆయన పరిచయం. 2000లో థాంక్స్‌గివింగ్‌కి వాళ్ళ ఊరు తీసుకెళ్ళాడు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, మా నాన్న వరి, మినుము వేసే రైతు అని వాళ్ళకి ముందే తెలుసు. ఇల్లంతా చుట్టాలు. అందరూ ఇండియా ఎండల గురించీ కారాల గురించీ అడుగుతుంటే, ఈవిడ వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, తలెత్తకుండా నన్ను వేరే ప్రశ్నలు అడిగింది. ఎన్ని ఎకరాలు? నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి? పాడి ఉందా? ఉంటే ఎవరు పిండుతారు? మా అమ్మ పిండుతుంది అన్నాను. "మరి పాల డబ్బులు ఎవరి చేతికొస్తాయి?" అంది. అప్పుడు మాత్రం తలెత్తి చూసింది. మా ఊరి పాలకేంద్రంలో పుస్తకం అమ్మ పేరు మీదే ఉండేది, పదిహేను రోజులకోసారి పాలబిల్లు అమ్మే వెళ్ళి తెచ్చుకునేది. అదే చెప్పాను. "మంచిది. ఆ డబ్బులు పొలంలో పెడితే మాత్రం తేదీ వేసి రాసుకోమని మీ అమ్మకి చెప్పు హనీ" అంది. మొదటిసారి చూసిన అమ్మాయికి ఇలాంటి సలహా ఎందుకిచ్చిందో నాకు అప్పుడు తెలియలేదు. తలూపి, దుంపలు కడగడానికి తీసుకున్నాను.

ఆ తర్వాత సెలవలకి వెళ్ళినప్పుడల్లా ఆవిడ పక్కన కూర్చునేదాన్ని. కథలు చెప్పే మనిషి కాదు. చేతిలో పని ఉంటేనే మాట వచ్చేది. బీన్స్ ఈనెలు తీస్తూనో, ఇస్త్రీ చేస్తూనో ఒక మాట, కాసేపాగి ఇంకో మాట. నాకు తెలిసిందంతా అలా ముక్కలు ముక్కలుగా విన్నదే.

వాళ్ళ అమ్మానాన్నలు ఇంట్లో జర్మనే మాట్లాడేవాళ్ళు, బయట ఎక్కడా నోరెత్తేవాళ్ళు కాదు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1918 మేలో, అయోవా గవర్నర్ హార్డింగ్ ఒక ప్రకటన చేశాడు. బడిలో, వీధిలో, రైల్లో, టెలిఫోన్‌లో, చివరికి చర్చిలో కూడా ఇంగ్లీషు తప్ప ఇంకో భాష మాట్లాడకూడదని. అంటే ఆ కౌంటీలో చాలామంది ముసలివాళ్ళకి దేవుడికి దణ్ణం పెట్టుకునే భాష కూడా లేకుండా పోయింది. యుద్ధం అయిపోయింది, ప్రకటనా పోయింది, భయం మాత్రం పోలేదు. ఈవిడ పుట్టేనాటికి మూడేళ్ళు గడిచినా వాళ్ళమ్మ కొట్లో సరుకులు వేలు పెట్టి చూపించి కొనేదట. పిల్లకి ఊహ తెలిశాక, వాళ్ళమ్మకి మాట సాయంగా వెళ్ళడం దీని పనైంది. బేరమాడటం అక్కడే నేర్చుకున్నానంది.

1932 గురించి మాత్రం చాలాసార్లు చెప్పింది. అప్పుడు ఆవిడకి పదకొండేళ్ళు. మొక్కజొన్న ధర బుషెల్‌కి 10 సెంట్లకి పడిపోయింది. బుషెల్ అంటే మన లెక్కలో 25 కిలోల పైన. ఏడాదంతా చేసిన కష్టం అమ్ముకుంటే బొగ్గు కూడా రాదు, అందుకని ఆ చలికాలం పొయ్యిలో మొక్కజొన్న కండెలే వేసి మంట పెట్టుకున్నారు. బొగ్గు కన్నా అవే చవక. "బాగానే మండుతాయి. వాసన కూడా బాగుంటుంది. మా నాన్న మాత్రం ఆ గదిలో కూర్చునేవాడు కాదు" అంది. గింజ విలువ తెలిసిన ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి ఆ మాట నాకు ఇంకో వివరణ అక్కర్లేకుండానే గుచ్చుకుంది. ఆ రోజుల్లోనే బ్యాంకులు జప్తు చేసిన పొలాల్లో వేలాలు జరిగేవి. చుట్టుపక్కల రైతులంతా గుంపుగా వెళ్ళి, గుర్రానికి పది సెంట్లు, నాగలికి అయిదు సెంట్లు పాడి, కొన్నవన్నీ ఆ రైతుకే తిరిగి ఇచ్చేసేవాళ్ళు. ఎక్కువ పాడబోయినవాడి భుజం మీద వెనకనుంచి ఎవరిదో చెయ్యి పడేది. వాళ్ళ నాన్న అలాంటివాటికి వెళ్ళొచ్చిన రోజున ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదట.

పెళ్ళయి అత్తారింటికొచ్చేసరికి ఆ ఇంట్లో కరెంటు లేదు. అమెరికా అంటే మొదట్నుంచీ లైట్లూ ఫ్రిజ్‌లూ అనుకునేదాన్ని నేను. 1930ల మధ్యలో ఈ దేశంలో పదింట తొమ్మిది పొలం ఇళ్ళు చీకట్లోనే ఉండేవి. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1935లో పల్లెలకి కరెంటు ఇవ్వడానికి ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టింది, రైతులు సహకార సంఘాలు కట్టుకుని స్తంభాలు వేయించుకున్నారు. వీళ్ళ దాకా వచ్చేసరికి యుద్ధం మొదలైంది, తీగలకి రాగి లేదు, పని ఆగింది. 1946లో గానీ ఈవిడ వంటింట్లో బల్బు వెలగలేదు. అప్పటిదాకా బట్టలుతకడానికి మేటాగ్ మిషన్ ఉండేది, అది పెట్రోలుతో నడిచేది. కింద చిన్న ఇంజను, మోటార్ సైకిల్‌కి మల్లే కాలితో తన్ని స్టార్ట్ చేయాలి, పొగ గొట్టం కిటికీలోంచి బయటికి పెట్టాలి. సోమవారం పొద్దున కౌంటీ అంతా ఆ చప్పుడే. ఆ మిషన్లు అదే రాష్ట్రంలో న్యూటన్ అనే ఊళ్ళో తయారయ్యేవి. 2007లో ఆ ఫ్యాక్టరీ మూసేశారని పేపర్లో వచ్చినప్పుడు ఆవిడ ఆ ముక్క కత్తిరించి బైబిల్లో పెట్టుకుంది.

ఇక గుడ్లూ, క్రీమూ. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఆ ఇల్లు నిలబడింది వీటిమీదే అని నా గట్టి నమ్మకం.

ఆ రోజుల్లో మిడ్‌వెస్ట్‌లో అంటే అయోవా చుట్టుపక్కల రాష్ట్రాల్లో, రైతు ఇంట మొక్కజొన్న, పందులు, ఎడ్లు మగవాళ్ళ లెక్క. అవి అమ్మితే ఏడాదికి ఒకటి రెండుసార్లు పెద్ద డబ్బు వస్తుంది, అది నేరుగా బ్యాంకు అప్పుకి పోతుంది. కోళ్ళూ, మీగడా ఆడవాళ్ళ లెక్క. వారం వారం చేతికొచ్చే చిల్లర అదే. పొద్దునా సాయంత్రం పాలు పిండాక వాటిని సెపరేటర్‌లో పోసి చేత్తో తిప్పాలి. వాళ్ళది డిలావల్ మిషన్. దాని చేతిపిడికి ఒక చిన్న గంట ఉండేది. తిప్పుడు వేగం చాలనంతసేపూ టింగు టింగుమంటుంది, సరైన వేగం అందుకోగానే గంట ఆగిపోతుంది, అప్పుడు పాలు వదలాలి. ఒక గొట్టంలోంచి మీగడ, ఇంకో గొట్టంలోంచి వెన్న తీసిన పాలు. ఆ పాలు పందులకి, మీగడ క్యానులో పోసి, వెన్న తీసే సహకార క్రీమరీకి. అంతవరకూ బాగానే ఉంది, అసలు చాకిరీ ఆ మిషన్ కడగడం. లోపల గిన్నెల్లా పలచటి రేకులు దొంతరగా ఉంటాయి, ఒక్కటి సరిగ్గా కడగకపోయినా మర్నాటి మీగడ పులుస్తుంది. అన్నిటినీ వరస తప్పకుండా ఒక తీగకి గుచ్చి, వేణ్ణీళ్ళలో కడిగి, ఆరబెట్టాలి. రోజూ. ఆ రేకుల తీగ ఇప్పటికీ వాళ్ళ పాత కొట్టంలో మేకుకి వేలాడుతోంది, పట్టుకుంటే చల్లగా, బరువుగా ఉంటుంది.

వసంతంలో కోడిపిల్లలు పోస్టులో వచ్చేవి. నిజంగానే, అట్టపెట్టెలకి చిల్లులు పెట్టి, హేచరీవాళ్ళు పంపించేవాళ్ళు. పోస్టాఫీసంతా కిచకిచలు. వాటిని బ్రూడర్ ఇంట్లో వెచ్చగా పెట్టి, రాత్రిళ్ళు లేచి పొయ్యి చూసుకుని పెంచాలి. గుడ్లు తుడిచి, చీకట్లో దీపానికి అడ్డం పెట్టి లోపల నెత్తుటి చుక్క ఉందేమో చూసి, 30 డజన్లు పట్టే చెక్కపెట్టెలో సర్ది, శనివారం సాయంత్రం టౌనుకి తీసుకెళ్ళేవాళ్ళు. గుడ్లు ఇచ్చి సరుకులు తెచ్చుకోవడమే. ఆ శనివారాలు ఆవిడకి ఎంత ఇష్టమో చెప్తున్నప్పుడు మొహం చూస్తే తెలిసేది. కొట్లు రాత్రి దాకా తీసి ఉంటాయి, మగవాళ్ళు ధరల గురించీ వానల గురించీ కబుర్లు, పిల్లలకి ఐస్‌క్రీమ్, ఆడవాళ్ళు వారమంతా దాచుకున్న మాటలన్నీ ఆ వీధిలోనే. దాణా కొనడానికి తాతగారు వెళ్తుంటే ఈవిడా వెంట వెళ్ళేది, ఎందుకంటే దాణా బస్తాలు పూల గుడ్డతో వచ్చేవి. ఒక గౌనుకి మూడు బస్తాలు కావాలి, మూడూ ఒకే పువ్వు ఉండాలి. మగవాళ్ళని పంపితే మూడు రకాలు తెస్తారు. మా అత్తగారు పెళ్ళయి వచ్చాక కూడా ఆ గుడ్డలతో కుట్టిన దుప్పట్లు ఇంట్లో వాడారు, అందులో ఒకటి మా అమ్మాయి మంచం మీద ఉంది.

అక్టోబర్ నుంచి మొక్కజొన్న ఒలుపులు. అరచేతికి తోలు పట్టీతో ఇనప కొక్కెం కట్టుకుని, మొక్క మీదే కండె పొట్టు చీల్చి, విరిచి, బండిలోకి విసరాలి. బండికి ఒక పక్కన ఎత్తుగా చెక్క నిలబెట్టేవాళ్ళు, కండె దానికి తగిలి లోపల పడుతుంది. మంచి పనివాడు రోజుకి వంద బుషెళ్ళు ఒలిచేవాడు. 1943లో కూలికి మగవాళ్ళు దొరక్క, చంటిపిల్లని అత్తగారికి అప్పగించి, ఈవిడే రెండో బండి తీసుకుంది. మంచు పట్టిన కండెలు, చేతులు పగిలి నెత్తురు. తర్వాత మిషన్లొచ్చాయి, హైబ్రిడ్ విత్తనాలొచ్చాయి. ఆవిడ చిన్నప్పుడు ఎకరాకి నలభై బుషెళ్ళు పండితే బాగా పండినట్టు, నేను వెళ్ళేనాటికి నూట యాభై దాటినా పెదవి విరిచేవాళ్ళు. ఆ మిషన్లు ఎంతమంది రైతుల వేళ్ళు తీసేశాయో కూడా చెప్పేది. వాళ్ళ చర్చిలో పాటల పుస్తకం పట్టుకున్న చేతులు చూస్తే తెలిసేదట.

ఆ రోజుల్లోనే అల్గోనా అనే ఊరి పక్కన జర్మన్ యుద్ధఖైదీల క్యాంపు పెట్టారు, 1944 నుంచి 1946 దాకా ఉంది. కుర్రాళ్ళని పొలం పనులకి పంపేవాళ్ళు. మధ్యాహ్నం తిండి వాళ్ళకి క్యాంపు నుంచే వచ్చేది, అయినా చాలామంది రైతుల ఇళ్ళలో కూర్చోబెట్టి వండి పెట్టేవాళ్ళు. ఈవిడా పెట్టింది. వాళ్ళతో జర్మన్‌లో మాట్లాడారా అంటే, "మా అమ్మ మాట్లాడింది. అన్నం వడ్డిస్తూ, గొంతు ఎత్తి, తలుపులు తెరిచి పెట్టి మాట్లాడింది" అంది. ఆ ఖైదీలు చేసిన క్రీస్తు జననం బొమ్మల కొలువు ఇప్పటికీ అల్గోనాలో ఉంది, క్రిస్మస్‌కి జనం వెళ్ళి చూస్తారు. మేమూ పిల్లల్ని తీసుకెళ్ళాం.

అన్నట్టు రేడియో. తెల్లారితే షెనెండోవా నుంచి వచ్చే కేఎమ్ఏ స్టేషన్. విత్తనాల వ్యాపారి ఎర్ల్ మే 1925లో పెట్టిన స్టేషన్ అది. అందులో ఆడవాళ్ళు తమ వంటింట్లో కూర్చుని మాట్లాడినట్టే మాట్లాడేవాళ్ళు, వంటలు, పిల్లల జలుబులు, పూల మొక్కలు. చలికాలం మంచులో దారులు మూసుకుపోతే రోజుల తరబడి ఇంటి మనుషుల గొంతు తప్ప ఇంకోటి వినపడేది రేడియోలోనే. వాళ్ళు చెప్పిన వంటలు ఈవిడ లెక్కల పుస్తకాల వెనక పేజీల్లో రాసి ఉన్నాయి, సగం రాసి ఆగిపోయినవి కూడా. పాలు పొంగి ఉంటాయి పాపం.

ఇప్పుడు 1974కి వస్తాను. ఆ ఏడాది అక్టోబర్లో, కోతల మధ్యలో, తాతగారు గుండె ఆగి పోయారు. అంత్యక్రియలైన మూడో రోజు పొద్దున చుట్టుపక్కల రైతులు తమ పంట పొలాల్లోనే వదిలేసి, తమ కంబైన్లూ ట్రక్కులూ తీసుకుని వీళ్ళ చేలోకి వచ్చారు. చీకటి పడేలోపు కోత మొత్తం అయిపోయింది. ఈవిడ వాళ్ళందరికీ భోజనం పెట్టింది. ఏడవడానికి కూడా తీరిక లేకపోయింది, అది మంచిదే అయిందంది.

తర్వాత లాయరు దగ్గరికి వెళ్ళారు. అప్పటికి వాళ్ళ పొలం 320 ఎకరాలు. సగం తాతగారి తండ్రి నుంచి వచ్చింది, మిగతా సగం 1950లో అప్పు చేసి కొన్నది, కాగితం మీద ఇద్దరి పేరూ ఉంది. 1972లో సోవియట్ యూనియన్ ఇక్కణ్ణుంచి భారీగా ధాన్యం కొన్నాక పంట ధరలూ, వాటితోపాటు భూముల ధరలూ ఒక్కసారిగా లేచాయి. చనిపోయినవాళ్ళ ఆస్తి మీద వేసే ఎస్టేట్ టాక్స్‌కి మినహాయింపు మాత్రం 1942 నాటి 60,000 డాలర్లే, 1976 దాకా మారలేదు. భార్యకి కొంత అదనపు మినహాయింపు ఉన్నా, అసలు చిక్కు ఇంకోచోట ఉంది. అప్పటి చట్టం ప్రకారం ఇద్దరి పేరు మీద ఉన్న ఆస్తి కూడా ముందు పోయినవాళ్ళదే మొత్తం అని లెక్క కడతారు. బతికున్నవాళ్ళు అందులో తమ డబ్బు ఎంత పెట్టారో రుజువు చూపిస్తే ఆ మేరకు తగ్గిస్తారు. డబ్బు పెట్టినట్టు కాగితం కావాలి. ముప్పై మూడేళ్ళు పాలు పిండి, కోళ్ళు మేపి, కండెలు ఒలిచి, నూర్పిళ్ళకొచ్చిన జనానికి వండి పెట్టిన పని, భార్య ఎలాగూ చేసే పని కిందే పోతుంది. ముందు భార్య పోతే భర్తకి ఈ బాధ దాదాపుగా ఉండేది కాదు, భూమి ఆయన సంపాదనే అని అందరూ ఒప్పుకుంటారు కాబట్టి. అందుకే రైతు మహిళలు దీన్ని విధవ పన్ను అని పిలిచారు.

లాయరు మర్యాదగానే అడిగాడట. "మీకు సొంత ఆదాయం ఏమైనా ఉండేదా అమ్మా?" ఈవిడ లేచి కారెక్కి ఇంటికెళ్ళి, అటక మీది బూట్ల పెట్టెలు తెచ్చి ఆయన బల్లమీద పెట్టింది. వారాల తరబడి ఆయన గుమాస్తా ఆ పెన్సిలు అంకెలు కూడాడు. సరుకులకి, బట్టలకి, పిల్లల చదువులకి పోయినవేవీ పనికిరాలేదు, అవి భూమిలో పెట్టినవి కావట. ఆ డబ్బు ఇంటిని మోసింది కాబట్టే తాతగారి మొక్కజొన్న డబ్బు బ్యాంకుకి వెళ్ళగలిగిందన్నది ఆ లెక్కలో పట్టదు. కానీ 1951 నుంచి మూడేళ్ళు పందులకి రోగాలొచ్చి చేతిలో డబ్బాడనప్పుడు, రెండో 160 ఎకరాల వాయిదాలు కట్టింది గుడ్ల డబ్బుతోనే. ఆ తేదీలు, బ్యాంకులో కట్టిన మొత్తాలు ఆవిడ రాసి పెట్టుకుంది. బ్యాంకు రసీదులతో సరిపోయాయి. అంతమేరకే ఆవిడ వాటాగా ఒప్పుకున్నారు. మిగిలిన పన్ను కట్టడానికి పశువులన్నీ అమ్మారు, భూమి మాత్రం అమ్మకుండా బయటపడ్డారు.

ఈ సంగతి చెప్పిన రోజున ఆవిడ గొంతులో ముప్పై ఏళ్ళ నాటి కోపం ఏమాత్రం చల్లారలేదు. "ఆ భూమి నాదని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. తెలియనిది ఆ కాగితానికే" అంది. ఆ ఏడాది నుంచి తన ప్రాంతపు కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సభ్యుడికి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది. ఆవిడలాంటివాళ్ళు మిడ్‌వెస్ట్ అంతటా ఉన్నారు. చట్టం 1976 నుంచి మెల్లమెల్లగా సడలింది, 1981లో చేసిన మార్పుతో భార్యాభర్తల మధ్య ఆస్తి మారితే ఈ పన్నే లేకుండా పోయింది. చరిత్ర పుస్తకాల్లో ఇది ఒక వాక్యం కూడా ఉండదేమో. నాకైతే ఇదే ఆవిడ జీవితంలో పెద్ద యుద్ధం అనిపిస్తుంది.

ఆ దెబ్బ తిన్న మనిషి కాబట్టే 1979లో గట్టిగా నిలబడింది. భూముల ధరలు ఏటికేడు పెరుగుతున్నాయి, బ్యాంకులవాళ్ళు ఇంటికొచ్చి మరీ అప్పులిస్తున్నారు. మా మామగారు అప్పుడు కుర్రాడు, పక్కనున్న 160 ఎకరాలు అమ్మకానికొస్తే కొందామని, దానికి ఉన్న పొలం తాకట్టు పెడదామని పట్టుబట్టారు. ఈవిడ సంతకం పెట్టనంది. తల్లీకొడుకులు ఆ ఏడాది క్రిస్మస్‌కి కూడా సరిగ్గా మాట్లాడుకోలేదు. తర్వాత వడ్డీలు 20 శాతం దాటాయి, అయోవాలో ఎకరా సగటు ధర 1981లో 2,147 డాలర్లుండేది 1986కల్లా 787కి పడిపోయింది. అప్పు చేసినవాళ్ళ అప్పు అలాగే ఉంది, భూమి విలువ మూడోవంతుకి వచ్చింది. ఎన్ని కుటుంబాలు ఊళ్ళొదిలి పోయాయో. ఆ పక్క పొలం కొన్న కుటుంబానికీ వేలం పడింది. ఇలాంటి వేలాల దగ్గర చర్చి ఆడవాళ్ళు కాఫీ, పై అనే తీపి వంటకం అమ్మే బల్ల ఒకటి పెడతారు, అది అక్కడి ఆనవాయితీ. ఆ రోజు ఈవిడ ఆ బల్ల దగ్గరే ఉంది. కూరలు సీసాల్లో నిలవ పెట్టుకోవడానికి వాడే, ఆ ఇల్లాలి ప్రెషర్ క్యానర్ దాదాపు కొత్తది, చవగ్గా పోతోంది, కొనమని ఎవరో అన్నారట. "ఆ పిల్ల చూస్తుండగా నా చేత్తో తీసుకోమంటారా" అని కాఫీ పోస్తూ ఉండిపోయింది. మా మామగారు ఈ విషయం మాకు చెప్పేటప్పుడు కళ్ళు తుడుచుకున్నారు.

కోళ్ళని ఆవిడ 1968లోనే తీసేసింది. వేలకి వేల కోళ్ళ షెడ్లొచ్చాక 30 డజన్ల పెట్టె కొనేవాడే లేడు. ఇప్పుడు అమెరికాలో గుడ్ల ఉత్పత్తిలో అయోవాయే మొదటి రాష్ట్రం. కారులో గంటలు గంటలు వెళ్ళినా ఏ ఇంటి పెరట్లోనూ ఒక్క కోడి కనిపించదు. ఆ చిల్లర డబ్బుతో పాటు ఆ ఇళ్ళలో ఆడవాళ్ళకి తమదంటూ ఉన్న చిన్న పెత్తనం కూడా పోయిందని నా అభిప్రాయం. తర్వాత్తర్వాత వాళ్ళు టౌన్లో ఉద్యోగాలు వెతుక్కున్నారు, ఆ జీతాలతోనే ఇప్పటికీ చాలా పొలాలు నడుస్తున్నాయి.

2004 ఎండాకాలంలో మా అమ్మ వచ్చింది. అమ్మకి ఇంగ్లీషు రాదు, ఈవిడకి తెలుగు రాదు, ఇద్దరూ నా కోసం ఆగకుండానే పనిలో దిగిపోయారు. ఆ రోజు నూడుల్స్ చేస్తున్నారు. గుడ్ల పచ్చసొనలూ మైదా గట్టిగా కలిపి, కాగితమంత పలచగా వత్తి, ఆ పెద్ద చపాతీలని శుభ్రమైన తువ్వాళ్ళు పరిచిన కుర్చీల వీపుల మీద ఆరేస్తారు. మరీ ఎండితే విరుగుతుంది, పచ్చిగా ఉంటే అంటుకుంటుంది. వేలితో అంచు తడిమి చూసి, చుట్టలా చుట్టి, కత్తితో సన్నగా కోసి విదిలిస్తే దారాల్లా విడిపోతాయి. అవి కోడి పులుసులో ఉడికించి మెత్తటి బంగాళాదుంప ముద్ద మీద వేసుకు తింటారు. అమ్మ ఒకసారి చూసి అప్పడాల కర్ర అందుకుంది. ఈవిడ అంచు తడిమి చూసి, మాట్లాడకుండా రెండో ముద్ద కూడా అమ్మ వైపే జరిపింది.

సాయంత్రం చేను గట్టున నడుస్తుంటే అమ్మ చుట్టూ చూసి, ఇంత పొలం పెట్టుకుని గేదె ఒక్కటీ లేదేంటే అంది. నేను ఆ మాట ఈవిడకి చెప్పాను. "నాకూ అదే బాధ" అంది ఈవిడ. తర్వాత అమ్మ మొక్కజొన్న ఆకు పట్టుకుని తన చిన్నప్పటి సంగతి చెప్పింది. అరవైల్లో వాళ్ళ బడిలో మధ్యాహ్నం పసుపుపచ్చటి ఉప్మా పెట్టేవాళ్ళు, అమెరికా నుంచి కేర్ సంస్థ ద్వారా వచ్చిన మొక్కజొన్న రవ్వతో. దానికోసమే తను బడి మానకుండా వెళ్ళేదాన్నని చెప్పమంది. చెప్పాను. ఆవిడ ఆగి, అది ఎలా వండేవాళ్ళు, కడుపు నిండేదా, పిల్లలకి రెండోసారి పెట్టేవాళ్ళా అని వరసగా అడిగింది. అమ్మ ప్రతిదానికీ జవాబు చెప్పింది. ఇంటికొచ్చాక ఆ రాత్రి ఈవిడ లెక్కల పుస్తకం తీసి ఏదో రాసుకుంది. ఏం రాసిందో మొన్న స్కాన్‌లో చూశాను. అమ్మ పేరు, తేదీ, "బడిలో మా మొక్కజొన్న తిన్నది" అని ఉంది.

ఇంకో సంగతి చెప్పి ఆపుతాను. అక్కడ అయిదేళ్ళకోసారి వ్యవసాయ గణన జరుగుతుంది. పొలానికి ఒక సాగుదారు అని ఒక్క పేరే రాసే వీలుండేది, అది ఎప్పుడూ మగవాడి పేరే అయ్యేది. 2002 గణనలో మొదటిసారి ముగ్గురి వివరాల దాకా రాయొచ్చన్నారు. ఫారం వచ్చినప్పుడు మా మామగారు భోజనాల బల్ల దగ్గర కూర్చుని అలవాటుగా తన వివరాలు నింపి కవర్లో పెట్టబోతే, ఈవిడ చెయ్యి చాపి ఫారం తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని చదివింది. చదివి, పెన్నుతో సహా మా అత్తగారి ముందు పెట్టింది. అత్తగారు నాకెందుకులెండి అన్నారు. "పందుల షెడ్డు లెక్కలు రాసేదెవరు? రాత్రిళ్ళు ధాన్యం ఆరబెట్టే మిషన్ దగ్గర కూర్చునేదెవరు? రాయి" అంది. అత్తగారు రాశారు. మామగారు ఆ రోజు ఏమీ మాట్లాడలేదు గానీ, మర్నాడు తనే పోస్టు చేసొచ్చారు. ఇప్పుడు ఆ పొలం మా ఆడపడుచు చేస్తోంది, కాగితాల్లో మొదటి గడిలో ఉన్నది తన పేరే.

స్కాన్‌లు ఆ 2004 పేజీ తప్పిస్తే ఇప్పటికి 1953 దాకా వచ్చాయి. 1948వి మాత్రం దొరకలేదు. అవి ఎలకలు కొట్టేశాయని మామగారు, లాయరు దగ్గరే ఉండిపోయాయని అత్తగారు. పాత కొట్టు అటక మీద ఇంకా విప్పని అట్టపెట్టెలున్నాయి, కోతలయ్యాక చూస్తానంది మా ఆడపడుచు.